కొల్లేటి పక్షుల బొమ్మలు గుడ్డ మీదికి ఎక్కించాలి, పసిబిడ్డ బొంత కోసం. ఏ ప్రింటింగ్ నిలుస్తుంది?

ఆటపాక గీతలు (కైకలూరు)

అందరికీ నమస్కారం.

మాది కైకలూరు. ప్రైమరీ స్కూల్లో టీచర్‌ని. చలికాలంలో సెలవు దొరికితే చాలు, ఆటపాక వెళ్ళి చెరువు గట్టున కూర్చుంటాను. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టే కాలం అది. అక్కడే పెన్నుతో గీస్తాను, ఇంటికొచ్చాక నీటి రంగులు వేస్తాను. అలా గీసినవి ఇప్పుడు ఒక ఫైలు నిండా ఉన్నాయి. అన్నీ ఎ4 డ్రాయింగ్ షీట్ల మీదే.

మా చెల్లి సంక్రాంతి వెళ్ళాక పురుటికి వస్తోంది. పుట్టబోయే బిడ్డకి ఈ పక్షులతో ఒక బొంత తయారుచేయాలని నా కోరిక. మా అత్తగారిది బొంతలు కుట్టడంలో తిరుగులేని చెయ్యి. పాత నేత చీరలు లోపల పొరలుగా పరిచి దగ్గర దగ్గరగా పోగు కుట్టు వేస్తారు. కింద, మధ్యలో ఆవిడ చీరలే. పై పొర మాత్రం నా బొమ్మలు అచ్చయిన గుడ్డ కావాలి. తొమ్మిది అంగుళాల చదరాలు అడ్డంగా 4, నిలువుగా 5, మొత్తం 20 అని లెక్క వేసుకున్నాను. ఒక్కో చదరంలో ఒక్కో పక్షి. చుట్టూ గుర్రపుడెక్క పూలతో అంచు. కొల్లేరు గురించి ఎవరు గీసినా పక్షుల్నే గీస్తారు. కానీ మా కళ్ళకి రోజూ కనబడేది నీళ్ళని కప్పేసే ఆ ఆకులూ, ఆ ఊదా పూలూ. అందుకే అంచుకి అవే పెట్టాలనుంది.

ఇక సమస్య. ముందుగా ఒక దిండు గలీబు మీద ప్రయత్నం చేద్దామని టౌన్లో ఒక షాపులో ఇచ్చాను. కాటన్ మీద శుభ్రంగా వస్తుందన్నారు. వచ్చిన రోజు చూడ్డానికి ఎంతో బాగుంది. చేత్తో తడిమితే మాత్రం బొమ్మ ఉన్నంత మేరా ప్లాస్టిక్ కాగితం అంటించినట్టే ఉంది. కొన్ని ఉతుకులకే మడత పడ్డ చోట పగిలి, అంచులు లేచాయి. బిడ్డ ఒంటికి తగిలే బొంత మీద అలాంటిది వేయలేను. నోట్లో కూడా పెట్టుకుంటారు కదా పిల్లలు.

నేను తెలుసుకోవాలనుకునేవి ఇవి. రంగు గుడ్డ మీద పొరలా కాకుండా గుడ్డలోకే ఇంకే పద్ధతి, ఒకటి రెండు మీటర్లకి కూడా చేసేది ఉందా? గూడబాతు ముక్కు మీద సన్నటి చుక్కలుంటాయి, మెడ మీద నూగు లాంటి ఈకలుంటాయి. వాటిని నేను పాయింట్ వన్ పెన్నుతో గీశాను. అవి గుడ్డ మీద కనబడతాయా? ఎర్రకాళ్ళ కొంగకి తోక దగ్గర గులాబీ ఈకలుంటాయి, ఆ గులాబీ పల్చగా వచ్చి తెలుపులో కలిసిపోతుంది. ఆ పల్చదనం నిలుస్తుందా?

ఇంకోటి. గుడివాడ మీదుగా రైలెక్కితే పెడన వెళ్ళిపోతాను. అక్కడ చెక్క అచ్చులతో అద్దకం చేస్తారని తెలుసు. నా సొంత బొమ్మకి అచ్చు చెక్కించుకోవచ్చా? పక్షులన్నీ అలాగే చేయించుకోవచ్చా?

మిగిలితే మా క్లాసు పిల్లలకి గుడ్డ సంచులు కూడా కుట్టించాలనుంది. అది తర్వాతి మాట.


సూరత్ మగ్గం

మేడం, నమస్తే. మాది సిరిసిల్ల. సూరత్‌లో డిజిటల్ ప్రింటింగ్ యూనిట్‌లో మెషిన్ మీద పనిచేస్తాను. మీ గలీబు మీద వేసింది డీటీఎఫ్ అయ్యుంటుంది. బొమ్మని ముందు ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ప్రింట్ చేసి, మీద జిగురు పొడి చల్లి, వేడి ప్రెస్‌తో గుడ్డకి అంటిస్తారు. టీషర్టు మీద పేరుకో లోగోకో అది సరిపోతుంది. బొంతకి అసలు వద్దు. గాలి ఆడదు. పైగా మీ అత్తగారు దగ్గర కుట్టు వేస్తారంటున్నారు, సూది దిగిన చోటల్లా ఆ పొరకి చిల్లు పడి, ఆ వరస వెంటే చిట్లుతుంది.

సబ్లిమేషన్ అని ఇంకోటి చెప్తారు. దానికీ ఒప్పుకోకండి. అందులో రంగు సుమారు 200 డిగ్రీల వేడికి ఆవిరై పాలిస్టర్ పోగులోకి దూరుతుంది. పాలిస్టర్ మీద దానంత బాగా నిలిచేది లేదు, మా సూరత్‌లో ఎక్కువ పని అదే. కానీ అసలైన కాటన్‌ని అది పట్టుకోదు, ఉతికితే పోతుంది. కొందరు కాటన్ అని చెప్పి పాలిస్టర్ కలిపిన గుడ్డ మీద వేసి ఇస్తారు. అనుమానం వస్తే అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది.

మీరు అడగాల్సింది రియాక్టివ్ ప్రింట్. ఈ రంగు కాటన్ పోగుతో రసాయనికంగా కలిసిపోతుంది, పైన పొర అంటూ ఉండదు. దానికి గుడ్డని ముందే సోడా, యూరియా, ఆల్జినేట్ అనే జిగురు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. ప్రింట్ అయ్యాక సుమారు 102 డిగ్రీల ఆవిరిలో ఎనిమిది, పది నిమిషాలు ఉంచుతారు. ఆ తర్వాత చల్లనీళ్ళు, వేడినీళ్ళు, సబ్బునీళ్ళు. మెషిన్ మీంచి దిగినప్పుడు రంగులు వెలిసిపోయినట్టు కనబడతాయి, ఆవిరి పట్టాకే తేలతాయి. కాబట్టి ఆర్డర్ ఇచ్చేముందు ఒకటే మాట అడగండి: స్టీమింగ్, వాషింగ్ చేసే ఇస్తారా? తడబడితే అక్కడ వద్దు. చిన్న ఆర్డర్లు తీసుకునే చాలాచోట్ల పిగ్మెంట్ ఇంకు వాడతారు. అది జిగురుతో పోగు మీద కూర్చుంటుంది, వేడితో గట్టిపడుతుంది. చెడ్డది అనను, ఎండకి బాగా ఆగుతుంది. కానీ గుడ్డ కొంచెం బిరుసవుతుంది, రాపిడికి రంగు తగ్గుతుంది. పసిబిడ్డ బొంతకి రియాక్టివ్ మంచిది.

గుడ్డ సంగతి. మల్లు గుడ్డ మెత్తగా ఉంటుంది కానీ పల్చన, లోపలి చీర రంగు పైకి కనబడుతుంది. ఖద్దరు మీద మీ సన్నగీతలు విరిగినట్టు వస్తాయి. పాయింట్ వన్ పెన్ను గీత కాగితం మీద సుమారు పావు మిల్లీమీటరు ఉంటుంది. ముతక గుడ్డలో ఒక్క పోగే అంతకంటే లావు. నేత సన్నగా, దగ్గరగా ఉన్న కేంబ్రిక్ తీసుకోండి. అందులో మీ చుక్కలు నిలుస్తాయి. బొమ్మ కాగితం మీద ఆరంగుళాలుండి గుడ్డ మీద ఎనిమిదంగుళాలకి పెంచితే గీత కూడా ఆ మేరకు లావవుతుంది, అది మీకు లాభమే.

20 చదరాలూ ఒకే ఫైల్లో పెట్టండి. గుడ్డ ఉతికాక మూడు నుంచి ఐదు శాతం కుంచించుకోవచ్చు, చుట్టూ కుట్టుకి కూడా వదలాలి, కాబట్టి చదరాన్ని 10 అంగుళాలు చేయండి. అడ్డం 40 అంగుళాలు, నిలువు 50. 44 అంగుళాల పన్నా గుడ్డలో ఇది పడుతుంది. అంటే మీకు కావాల్సింది మీటరున్నర లోపే. గుడ్డకి అంగుళానికి 150 పిక్సెళ్ళు చాలు, మొత్తం 6000 × 7500 అవుతుంది. ఎ4 షీటుని 300లో స్కాన్ చేస్తే 2480 × 3508 వస్తుంది, ఒక చదరానికి 1500 చాలు కనక ఎక్కడా సాగదీయాల్సిన పని లేదు. ఫోన్ ఫోటో మాత్రం వద్దు, ఒక పక్క నీడ పడుతుంది, అంచులు వంగుతాయి. జిరాక్స్ సెంటర్లో స్కాన్ చేయించి, పీడీఎఫ్ కాకుండా పీఎన్‌జీగా ఇవ్వమనండి. రంగులు వాళ్ళ సొంతంగా సరిచేయొద్దని చెప్పండి.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తా. ఈ రియాక్టివ్ ప్రింటింగ్‌లో తెల్ల ఇంకు ఉండదు. తెలుపంటే ఖాళీగా వదిలేసిన గుడ్డే. మీ డ్రాయింగ్ షీటు మీ కంటికి తెల్లగానే ఉంటుంది, స్కానర్‌కి మాత్రం లేత బూడిద, లేత పసుపు. దాన్ని అలాగే పంపితే పక్షి చుట్టూ మాసిన రంగు పడుతుంది. కంప్యూటర్లో తెలుపు పెంచి అది పోగొడదామంటే, మీరు చెప్పిన ఆ పల్చటి గులాబీ కూడా దాంతోపాటే పోతుంది. నీటి రంగుల బొమ్మలు పంపే ప్రతివాళ్ళకీ ఇక్కడే దెబ్బ పడుతుంది. తెలుపు పెంచడం బదులు, గింప్‌లో గానీ క్రీటాలో గానీ పక్షి చుట్టూ ఓపిగ్గా గీత తీసుకుని బ్యాక్‌గ్రౌండ్ మాత్రం చెరపండి. పక్షి లోపలి రంగులు ముట్టుకోకండి. రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే.


ఆటపాక గీతలు

ఇంత వివరంగా రాసినందుకు మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. గులాబీ ఎందుకు పోతుందో ఇప్పుడు అర్థమైంది. కొన్ని బొమ్మల్లో పక్షి వెనక నీళ్ళు కూడా పల్చగా పూశాను, నీడలు నీళ్ళలో కలిసిపోతాయి. అక్కడ అంచు గీత తీసుకుని చెరపడం అంటే బొమ్మలో సగం ప్రాణం పోయినట్టే. దానికి ఏదైనా దారి ఉంటుందా? అంచు సంగతి తెలిసిన పెడన వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి దయచేసి.


పెడన అద్దకం

అమ్మా, మాది పెడన. మా నాన్నగారి కాలం నుంచి ఇంట్లో అద్దకం పనే.

పక్షులకి అచ్చులొద్దు. నీటి రంగు పల్చదనం చెక్కతో రాదు. చెక్క అచ్చు అంటే రంగు పడటమో పడకపోవడమో, మధ్యలో ఏమీ లేదు. పైగా ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు చెక్కాలి. 20 పక్షులకి ఎన్ని అవుతాయో చూసుకోండి, ప్రతిదీ ఒక్కసారి కొట్టి పక్కన పెట్టేయాలి. అచ్చు విలువ మళ్ళీ మళ్ళీ కొట్టడంలో ఉంది. అందుకే మీ అంచుకి మాత్రం దాన్ని మించింది లేదు. ఒక పువ్వు చెక్కిస్తే బొంత చుట్టూ తిరుగుతుంది, రేపు దుపట్టాకి పనికొస్తుంది, జాగ్రత్తగా ఉంచుకుంటే మీ పిల్లల కాలం దాకా ఉంటుంది.

సొంత బొమ్మకి చెక్కుతారు, సందేహం లేదు. అచ్చులు టేకు చెక్కతో చేస్తారు. మీరు కాగితం మీద గీసిన బొమ్మ అలాగే తీసుకురాకండి. అచ్చు కోసం మళ్ళీ గీయండి, అసలు సైజులోనే, ట్రేసింగ్ పేపర్ మీద. గుర్రపుడెక్క పువ్వుకి ఆరు రేకులు. పై రేకు మీద పసుపు మచ్చ ఉంటుంది, నెమలి కన్నులాగా. మిగిలిన సన్న ఈనెలన్నీ వదిలేయండి, ఆ మచ్చ మాత్రం ఉంచండి. అది ఉంటే ఎవరికైనా ఏ పువ్వో తెలుస్తుంది. ఆకు కాడ కింద ఉబ్బెత్తు బుడిపె కూడా ఉంచండి. మిల్లీమీటరు కంటే సన్నగీత పెట్టొద్దు, చెక్కేటప్పుడో కొట్టేటప్పుడో విరుగుతుంది. గీతకీ గీతకీ మధ్య సందు కూడా అంతకి తగ్గకూడదు, రంగు చేరి పూడుకుపోతుంది.

అంచులో ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు కొట్టాక అతుకు తెలియకూడదు. దానికి ఒక చిన్న పని చేయండి. పువ్వుని కాగితం మధ్యలో గీయండి, అంచులు ఖాళీగా వదలండి. కాగితాన్ని నిలువుగా మధ్యకి కత్తిరించి, కుడి ముక్కని ఎడమకి, ఎడమ ముక్కని కుడికి పెట్టి వెనక టేపు వేయండి. ఇప్పుడు బయటి అంచులు పువ్వు మధ్యలోంచి తెగి ఉంటాయి, ఖాళీ అంతా నడిమికి వస్తుంది. ఆ ఖాళీలో ఆకులూ కాడలూ నింపండి. ఇక ఎన్నిసార్లు పక్కపక్కన పెట్టినా అతుక్కుంటుంది. దాన్ని ట్రేసింగ్ మీద వరసగా మూడుసార్లు దించి చూసుకున్నాకే చెక్కేవాళ్ళకి ఇవ్వండి. మూలల దగ్గర అంచుని తిప్పడానికి ప్రయత్నించకండి, అక్కడ ఆపేసి మూలకి ఒక ఆకు గుత్తి విడిగా పెట్టుకోండి. ఇంకో సంగతి, అచ్చు కొడితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. కాడ కుడికి వంగాలంటే అచ్చులో ఎడమకి ఉండాలి. చెక్కేవాళ్ళకి ఇది తెలిసిందే, అయినా కాగితం మీద ఏ వైపు గుడ్డ మీద కనబడాలో రాసి ఇవ్వండి.

రంగుల విషయంలో ముందే చెప్పడం మంచిది. పాత పద్ధతిలో గుడ్డకి గంజి తీసి, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతాం. ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన కసిమితో కొడితే కరక్కాయతో కలిసి నలుపు తేలుతుంది. పటిక నీళ్ళతో కొట్టిన చోట, ఎరుపు రంగులో ఉడికించినప్పుడు ఎరుపు పడుతుంది. పటికలో కసిమి కొంచెం కలిపితే ముదురు మెరూన్ ఛాయ వస్తుంది. మీరు చూసే ఆ ఊదా మాత్రం రాదమ్మా. నల్లటి గీత, మెరూన్ రేకు, ఇదీ మీ పువ్వు. నాకు తెలిసి అదే బాగుంటుంది. ఊదా కావాలంటే పిగ్మెంట్ రంగులతో కొట్టించుకోవచ్చు. కానీ బిడ్డ బొంత అంటున్నారు కనక పాత పద్ధతికే నా ఓటు.

కరక్కాయ పట్టిన గుడ్డ పాల తెలుపు ఉండదు. ఎంత ఉతికినా లేత మీగడ రంగు మిగులుతుంది. మధ్యలో డిజిటల్ గుడ్డ తెల్లగా మెరుస్తూ, చుట్టూ మా అంచు మీగడ రంగులో ఉంటే రెండు వేర్వేరు బొంతలు కలిపి కుట్టినట్టుంటుంది. పైన సూరత్ తమ్ముడు కాగితం రంగు చెరపమన్నాడు. చెరపడం దేనికి? పక్షుల వెనక మీగడ రంగే ఉండనివ్వండి. మీ కాగితం రంగూ, మా కరక్కాయ రంగూ దగ్గరగానే ఉంటాయి.


సూరత్ మగ్గం

పెద్దాయన చెప్పింది నిజం, నాకు తట్టలేదు. మేడం, ఇదే మీ నీళ్ళ నీడల సమస్యకి కూడా దారి. బ్యాక్‌గ్రౌండ్ చెరపొద్దు. కాకపోతే ఒక్కో షీటు స్కాన్‌లో ఒక్కో రంగులో వస్తుంది, 20 చదరాలు పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అందుకని వెనక ఒకే మీగడ రంగు పొర వేసి, మీ స్కాన్‌ని దానిపైన మల్టిప్లై మోడ్‌లో, అంటే కింది రంగు పై బొమ్మలో కలిసి కనబడేలా, పెట్టండి. స్కాన్‌లో కాగితం రంగుని కొంచెం మాత్రమే లేత చేయండి, గులాబీ తగ్గేంత వద్దు. పల్చటి రంగులు మీగడ మీద నీటి రంగుల్లాగే కలుస్తాయి. చదరం నాలుగు అంచుల దగ్గర మాత్రం స్కాన్‌ని మెల్లగా మాయం చేసి, ఒట్టి మీగడ రంగు మిగిల్చండి. కుట్టు పడే చోట తేడా రాదు.

ముందు అంచు గుడ్డ తయారవ్వాలి. దాని ముక్క చేతిలో పెట్టుకునే మీగడ రంగు తేల్చాలి. స్క్రీన్ మీద చూసి తేల్చేది కాదు ఇది. లేత రంగుల్లో ఫోన్‌కీ గుడ్డకీ పొంతన ఉండదు.


రెండు ఊళ్ళ అమ్మ (షార్లెట్, నార్త్ కరోలినా)

రంగు తేల్చే విషయంలో నేను చేసేది చెప్తాను. మా అమ్మాయి గీసిన బొమ్మలతో దాని గదికి తెరలు కుట్టాను. ఇక్కడ మా రాష్ట్రంలోనే 2008లో మొదలైన స్పూన్‌ఫ్లవర్ అనే కంపెనీ ఉంది. ఎవరి డిజైన్ అయినా గజం చొప్పున ప్రింట్ చేస్తారు. ఎనిమిదంగుళాల చదరం సాంపిల్ కూడా ఇస్తారు. ఆ సాంపిల్లో బొమ్మ పెట్టకుండా దాన్ని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో కొంచెం తేడాతో రంగులు నింపి, ప్రతి గడి కింద దాని రంగు నంబరు వేసి ప్రింట్ చేయిస్తాను. గుడ్డ చేతికొచ్చాక నాకు నచ్చిన గడి నంబరు చూసుకుని ఫైల్లో అదే పెడతాను.

మీరు ఎక్కడ చేయించినా ఇలా ఒక సాంపిల్ అడగండి. మీగడ రంగులు ఒక వరస, గులాబీలు ఒక వరస, గూడబాతు బూడిద రంగులు ఒక వరస. అసలు గుడ్డ మీదే, అదే ఇంకుతోనే వేయమనండి, లేకపోతే ఉపయోగం లేదు. సాంపిల్‌ని ఒకసారి ఉతికి, ఆరాక పగటి వెలుతుర్లో చూడండి. ట్యూబ్‌లైటు కింద మీగడ రంగు వేరేగా కనబడుతుంది.

పక్షుల బొంత ఆలోచన చాలా నచ్చింది. మా అమ్మమ్మ వాళ్ళది ఏలూరు పక్కనే. కుట్టడం అయ్యాక ఫోటో తప్పకుండా పెట్టండి.


శుభలేఖల షాపు (భీమవరం)

టీచర్ గారూ, సంచుల గురించి ఎవరూ చెప్పలేదు కనక నేను చెప్తాను. మాది పెళ్ళికార్డుల స్క్రీన్ ప్రింటింగ్. ఒకే బొమ్మ, ఒకే రంగు, సంచులు ఎక్కువ అంటే స్క్రీన్‌కి మించింది లేదు. ఖర్చంతా స్క్రీన్ తయారీలోనే, ఆ తర్వాత ఒక్కో సంచికి పడేది రంగు ఖర్చే.

మీకు దగ్గర్లో ఉన్న కార్డుల షాపులో అడగండి, కానీ ఒక జాగ్రత్త. కార్డులకి వాడే మెష్ (స్క్రీన్ జాలీ) చాలా సన్నం, దాంట్లోంచి గుడ్డకి సరిపడా రంగు దిగదు. గుడ్డకి అంగుళానికి 110 దారాల మెష్ మీద చేయమనండి. బొమ్మని నల్లటి సిరాతో లావుపాటి బ్రష్ పెన్నుతో గీయండి. బూడిద రంగులు, పెన్సిల్ నీడలు వద్దు. స్క్రీన్ మీద పూసిన మందుకి వెలుతురు తగిలిన చోట గట్టిపడుతుంది, మీ నల్లగీత అడ్డుపడ్డ చోట కడిగితే పోతుంది, అందులోంచి రంగు దిగుతుంది. నలుపు పూర్తిగా నలుపైతేనే వెలుతురు ఆగుతుంది.

గుడ్డకి వాడే పిగ్మెంట్ రంగు, దాన్ని గుడ్డకి పట్టించే బైండర్ వేరే అడిగి తీసుకోవాలి. కార్డుల ఇంకు గుడ్డకి పనికిరాదు. అచ్చయ్యాక ఒక రోజు ఆరనిచ్చి, పైన పల్చటి గుడ్డ పరిచి, నీళ్ళు చల్లకుండా బాగా వేడిగా ఇస్త్రీ చేయాలి. ఒక్కో చోట కొన్ని నిమిషాలు. ఆ వేడి తగలకపోతే ఉతుక్కి నిలవదు. మీ పిల్లలు తలా ఒక బొమ్మ గీస్తే అన్నీ చిన్నవి చేసి ఒకే స్క్రీన్ మీద కలిపి వేయొచ్చు, ప్రతి సంచి మీదా క్లాసంతా ఉంటుంది.


ఆటపాక గీతలు

క్లాసంతా ఒకే సంచి మీద! అది నాకు తట్టలేదు. రేపే పిల్లలకి బ్రష్ పెన్నులిస్తాను. కొల్లేటి పక్కన పుట్టిన పిల్లలు వాళ్ళు, పక్షుల్ని నాకంటే బాగా ఎరుగుదురు.

పెడన బాబాయ్ గారూ, మీగడ రంగు మాటతో నా మనసులో బొంత మొత్తం ఒక్కసారిగా కనబడింది. నిన్న రాత్రే పువ్వు మళ్ళీ గీశాను. ఆరు రేకులు, ఒక మచ్చ, బుడిపె కాడ. ఈనెలు తీసేశాక పువ్వు ఇంకా బాగా తెలుస్తోంది. కత్తిరించి అటూ ఇటూ మార్చాక నడిమి ఖాళీలో ఆకుల మీద నిలబడ్డ ఒక చిన్న కొంగ కూడా పట్టింది. దాని కాళ్ళు మీరు చెప్పిన కొలతకి లావు చేశాను. ఊదా రాకపోయినా ఫర్వాలేదు, మెరూన్‌కే ఒప్పుకుంటున్నాను. ఈ ఆదివారం ట్రేసింగ్ తీసుకుని పెడన వస్తాను. అంచు గుడ్డ వచ్చాకే పక్షుల ఫైలు మొదలుపెడతాను. రంగుల గళ్ళ సాంపిల్, ఆ తర్వాతే మీటరున్నర.

మా అత్తగారు ఒక మాట అడగమన్నారు. అంచు గుడ్డ ఒక రకం, పక్షుల గుడ్డ ఒక రకం, లోపల పాత చీరలు ఇంకో రకం. కుట్టాక ఉతికితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కుంచించుకుని బొంత ముడతలు పడదా అని ఆవిడ అనుమానం.


పెడన అద్దకం

ఆవిడ అడిగింది సరైన మాట. పాత చీరలు ఎన్నో ఉతుకులు చూసినవి, అవి ఇక కుంచించుకోవు. కొత్త గుడ్డలు రెండే కుంచించుకునేవి. మా అంచు గుడ్డ ఉడికించి, పారే నీళ్ళలో ఉతికి, ఎండలో ఆరబెట్టి ఇస్తాం కనక చాలావరకు అక్కడే దిగిపోతుంది. అయినా కత్తెర పెట్టకముందు రెండు కొత్త గుడ్డల్నీ ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేయండి. నీళ్ళలో రంగు దిగితే, అది ఆగే దాకా మళ్ళీ ఉతకండి. ఆ తర్వాతే కొలిచి కోయాలి. చదరాలు కోసేటప్పుడు అన్నిటికీ పడుగు (నిలువు పోగు) ఒకే వైపు ఉండేలా చూసుకోమని చెప్పండి, పడుగు వైపు కుంచింపు పేకకంటే ఎక్కువుంటుంది. బిడ్డ బొంతని మంచి సబ్బునీళ్ళతో ఉతికితే చాలు, బ్లీచింగ్ మాత్రం తగలనివ్వకండి, పటిక ఎరుపు వెలిసిపోతుంది.

ఆదివారం పొద్దున్నే రండమ్మా, ఎండ ఉన్నప్పుడైతే కరక్కాయ గుడ్డ ఆరేది కూడా చూస్తారు. కొంగ కాళ్ళు ఎంత లావుంచారో ట్రేసింగ్ చూసి అక్కడే చెప్తాను.